ఎండలో పెట్టిన సెల్లులు

మొన్న ఆదివారం పొద్దున్నే మా బాబాయి ఆటో దిగి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "అంతా పోయిందమ్మా" అన్నాడు. ఆ వేళప్పుడు ఆ మాట వింటే ఎవరికైనా గుండె జారిపోతుంది. పిన్నికేమైనా అయిందేమో అనుకున్నాను. తీరా లోపలికి తీసుకొచ్చి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి అడిగితే తేలిందేమిటంటే, పోయింది ఆయన ఫోన్లో ఆట. రంగురంగుల మిఠాయి బిళ్ళల్ని వరసలో చేర్చి పేల్చే ఆట. పాత ఫోను పాడైతే కొత్తది కొన్నాడట. కొట్టువాడు ఫోటోలూ నంబర్లూ అన్నీ ఎక్కించి ఇచ్చాడు గానీ, ఆట మాత్రం మళ్ళీ ఒకటో లెవెల్ నుంచి మొదలైందట. "పదకొండు వందల లెవెల్సమ్మా. రెండేళ్ళ కష్టం. ఒక్క పూటలో మట్టిపాలు చేశాడు వెధవ. నువ్వు కాలేజీలో కంప్యూటర్లు చెప్తావు కదా, ఎలాగోలా వెనక్కి తెచ్చిపెట్టు" అంటూ డెబ్బై ఏళ్ళ మనిషి తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. జాలిపడాల్సిన చోట నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకు మండిందో తెలియాలంటే మా దొడ్డమ్మ సంగతి చెప్పాలి.

తొంభైల చివర్లో మేం ద్రాక్షారామం పక్కన ఒక పల్లెలో ఉమ్మడిగా ఉండేవాళ్ళం. పెదనాన్న, మా నాన్న, బాబాయి, మూడు కుటుంబాలకీ ఒకటే వంటిల్లు. దొడ్డమ్మ పెదనాన్న భార్య. ఇంటికి పెద్ద కోడలు కాబట్టి వంటింటి పెత్తనం ఆవిడదనేవాళ్ళు. పెత్తనం మాటేమో గానీ చాకిరీ మాత్రం ఆవిడదే. తొమ్మిదో తరగతి మధ్యలో పెళ్ళై వచ్చిందట. అయితే ఆవిడ కంట్లో ఒక విద్య ఉండేది. ఏ వస్తువు ఏ సందులో సరిగ్గా పడుతుందో చూసీ చూడగానే చెప్పేసేది. అటక మీద ఇత్తడి సామాను ఆవిడ సర్దితే మధ్యలో చెంచా దూర్చడానికి కూడా చోటు మిగిలేది కాదు. ఊళ్ళో ఎవరింట్లో ఆడపిల్లకి సారె పంపాలన్నా కజ్జికాయలు, జంతికలు డబ్బాల్లో పేర్చడానికి దొడ్డమ్మని పిలుచుకెళ్ళేవాళ్ళు. ఆవిడ పేర్చిన జంతికలు బస్సులో ఎన్ని గోతులు దాటి వెళ్ళినా ఒక్కటి విరిగేది కాదు. మా ఇంటి మగవాళ్ళు దాన్ని పనితనం అని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఆ పనితనం వాళ్ళ డబ్బాలకీ, వాళ్ళ అటకలకీ పనికొచ్చినంత కాలం వాళ్ళకేం అభ్యంతరం లేదు.

ఆ ఏడు శివరాత్రి తీర్థంలో బొమ్మల కొట్టు దగ్గర బాబాయి బ్రిక్ గేమ్ కొన్నాడు. పిల్లలకని చెప్పి కొని, ఇంటికొచ్చేదాకా బస్సులో తనే ఆడుకుంటూ వచ్చాడు. అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ డబ్బా, దానికి బూడిదరంగు అద్దం. అద్దంలో పైనుంచి రకరకాల ఆకారాల్లో ఇటుకలు దిగుతూ ఉంటాయి. వాటిని తిప్పి, పక్కకి జరిపి, సందు లేకుండా పేర్చాలి. వరస నిండితే మాయమవుతుంది, మార్కులు పడతాయి. సందులు మిగిలిపోతే గుట్ట పైదాకా పేరుకుని ఆట అయిపోతుంది. ఆట మొదలెట్టేటప్పుడు అద్దం పక్కన ఒక అంకె కనిపించేది. అప్పటిదాకా ఎవరైనా కొట్టిన పెద్ద స్కోరు అది. బాబాయి నెలరోజులు కుస్తీపట్టి ముప్పై ఎనిమిది వేలు కొట్టి, ఊరంతా చెప్పుకుని, ఆ తర్వాత దాన్ని రేడియో బల్ల మీద పడేశాడు. అప్పుడు దొడ్డమ్మ తీసుకుంది.

నేను పదో తరగతి పరీక్షలు రాసేసి ఖాళీగా ఉన్నాను. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యి, గిన్నెలు కడిగాక, నాలుగింటి కాఫీకి పొయ్యి వెలిగించేలోపు ఆవిడకి గంటన్నర దొరికేది. పెరటి వసారాలో గోడకి జారబడి కాళ్ళు చాపుకుని ఆడేది. పక్కన నేను. ఇంగ్లీషు పేర్లేవీ లేవు కాబట్టి ఇటుకలకి ఆవిడే పేర్లు పెట్టుకుంది. నిలువుగా పొడుగ్గా దిగేది అప్పడాల కర్ర. నలుచదరంది మైసూరుపాకు. ఒక పక్కకి వంగినది గరిటె, రెండో పక్కకి వంగితే ఎడమచేతి గరిటె. మధ్యలో బుడిపె ఉన్నది ముక్కాలి పీట. అడ్డదిడ్డంగా ఉండే రెండూ మెట్లు. "ఇక్కడ పీట పడాలే, మెట్టొచ్చి చచ్చింది" అని గొణుక్కునేది. నాలుగు వరసలు ఒక్కసారే నింపడానికి ఒక నిలువు సందు వదిలి, కర్ర కోసం ఊపిరి బిగబట్టి కూర్చునేది. కర్ర రాగానే ఆవిడ మొహంలో కనిపించిన వెలుగు, పెళ్ళిళ్ళలో పట్టుచీర కట్టుకున్నప్పుడు కూడా నేను చూడలేదు.

మా వీధరుగు మీద ఆ గంటన్నర మాత్రమే కాదు, పొద్దున టిఫిన్ల దగ్గర్నుంచి సాయంత్రం దాకా చతుర్ముఖ పారాయణం, అదే పేకాట, జరిగేది. పెదనాన్న, బాబాయి, ఊళ్ళోంచి మరో నలుగురు. దానికి మూడు విడతల కాఫీ వంటింట్లోంచి వెళ్ళాలి. దాని పేరు కాలక్షేపం. దొడ్డమ్మ చేతిలో డబ్బా చూసేసరికి మాత్రం అది పిచ్చి అయింది. "ఆ కూతలేంటే, నలుగురూ వింటే ఏమనుకుంటారు" అని పెదనాన్న విసుక్కుంటే ఆవిడ శబ్దం నొక్కేసి ఆడింది. బాబాయి అయితే, "చాకలి పద్దు రాసుకోడానికి కళ్ళు కనబడవన్నారు వదినగారు, దీనికి బాగానే కనబడుతున్నాయండి" అనేవాడు. మా ఇంట్లో మర్యాదకేం లోటు లేదు. ఎంత మాటన్నా చివర అండి చేర్చే అనేవాళ్ళు. ఇప్పుడు తలుచుకుంటే ఆ అండీల మీదే నాకు ఎక్కువ కోపం.

మే నెలలో ఒక శుక్రవారం దొడ్డమ్మ తొంభై రెండు వేల నాలుగు వందలు కొట్టింది. నేను పక్కనే ఉన్నాను. అంకె చూసి ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంకెలు పడే చోటు వేలితో తడిమి, "లక్ష దాటితే ఆరో అంకె వేసుకోడానికి దీనికి చోటుందంటావా?" అని అడిగింది నన్ను. తెలీదన్నాను. "చూద్దాం" అంది. కాఫీలిచ్చేటప్పుడు ఉండబట్టలేక నేనే అరుగు మీద చెప్పేశాను. బాబాయి పేకముక్కలు దించకుండానే నవ్వాడు. "మిషన్ పాడైపోయుంటుందండి. నాకే నలభై రాలేదు" అన్నాడు. ఇంకొకాయన, పిల్లలెవరో ఆడుంటారన్నాడు. గుమ్మం వెనక నుంచి దొడ్డమ్మ, అరుగు మీద మగవాళ్ళతో ఎప్పుడూ మాట్లాడని మనిషి, మెల్లగా అంది. "ఆదివారం అందరూ ఉంటారుగా అబ్బాయీ. ఆ అంకె చూపిస్తాను. ఎదురుగా కూర్చుని లక్ష కూడా ఆడి చూపిస్తాను." ఆ మాట అన్నందుకు ఆవిడ చెవులు ఎర్రబడడం నాకు ఇంకా గుర్తుంది.

శనివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. అప్పుడే ఎక్కడో పరాయి దేశంలో క్రికెట్ మ్యాచి. బాబాయి చేతిరేడియోలో సెల్లులు నీరసించి కామెంట్రీ కీచుమంటోంది. ఆయన ఇల్లంతా వెతికి, బ్రిక్ గేమ్ వెనక మూత తీసి, రెండు పెన్సిల్ సెల్లులూ లాగి రేడియోలో వేసుకున్నాడు. అవీ కొద్దిసేపే పలికాయి. ఆ రోజుల్లో నీరసించిన సెల్లుకి మా జిల్లా అంతటా ఒకటే వైద్యం, ఎండలో పెట్టడం. టార్చిలైటు సెల్లులు పిట్టగోడ మీద లేని ఇల్లు ఉండేది కాదు. డాబా మీద దొడ్డమ్మ పొద్దున్నే పాత పంచె పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. బాబాయి ఆ వడియాల పక్కనే రెండు సెల్లులూ ఆరబెట్టి వచ్చాడు. సాయంత్రం వడియాలు ఎత్తడానికి వెళ్ళిన దొడ్డమ్మ పళ్ళెం పట్టుకుని కిందకి దిగింది. వడియాల మధ్యలో సెల్లులు. ఆవిడ వాటిని గుర్తుపట్టింది. గబగబా డబ్బాలో వేసి మీట నొక్కింది. పాట వచ్చింది. అంకె ఉండాల్సిన చోట సున్నా. సెల్లులు తీస్తే ఆ డబ్బా అన్నీ మరిచిపోతుందని మాకెవరికీ తెలీదు. కొన్నప్పటి సెల్లులే అప్పటిదాకా ఉన్నాయి, మార్చాల్సిన అవసరమే రాలేదు.

బాబాయి వచ్చి చూసి, "ఎక్కడికీ పోలేదు కదండీ వదినగారూ, ఎండలో పెట్టి బలం కూడా పట్టించాను. మళ్ళీ ఆడుకోండి" అన్నాడు. ఆయన కావాలని చేశాడని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. ఇప్పుడనుకోవడం లేదు. కావాలని చేసి ఉంటే కనీసం ఆవిడ స్కోరుకి భయపడినట్టైనా అయ్యేది. అదొక సంగతి అని కూడా ఆయనకి తోచలేదు. అది ఇంకా ఎక్కువ మంట నాకు.

ఆదివారం అందరూ వచ్చారు. "రండి వదినగారూ, రికార్డేదో చూపిస్తానన్నారుగా" అన్నాడు బాబాయి, నవ్వు ఆపుకుంటూ. దొడ్డమ్మ కాఫీ గ్లాసుల పళ్ళెంతో వచ్చి, "నిన్నటిదాకా ఉందబ్బాయీ" అంది. అరుగంతా గొల్లుమంది. పెదనాన్న కూడా నవ్వాడు. కూర్చుని ఇప్పుడు ఆడమని ఆవిణ్ణి ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నేను ఉండబట్టలేక, "నేను చూశాను, తొంభై రెండు వేల నాలుగు వందలు" అని గట్టిగా అన్నాను. మా నాన్న కళ్ళెర్రజేసి, "పెద్దవాళ్ళ మధ్య నీకేంటి? లోపలికెళ్ళు" అన్నాడు. వెళ్ళిపోయాను. అందరి మీదా ఉన్న కోపంలో ఒక వాటా నా మీద కూడా ఉంది. ఆ రోజు నేను ఇంకొక్కసారి చెప్పి ఉండాల్సింది.

దొడ్డమ్మ మళ్ళీ ఆడలేదు. డబ్బాని కందిపప్పు డబ్బాల వెనక పెట్టేసింది. సెల్లుల్లో ఒకటి హాల్లో గోడగడియారానికి వేసింది. నాలుగైంది, కాఫీలు రాలేదేంటని అరుగు మీద నుంచి కేకేసేది ఆ గడియారం చూసే. విచిత్రమేమిటంటే ఆవిడ పెట్టిన పేర్లు మాత్రం మా ఇంట్లో ఉండిపోయాయి. నిండు బస్సులో ఒక్క సీటు కనిపిస్తే మా అమ్మ, "కర్ర పట్టేంత చోటుంది, పద" అనేది. సంబంధం కుదరక ఆలస్యమైతే, "ఎన్నాళ్ళని, కర్ర రావద్దూ" అనేవాళ్ళు. అరుగు మీద మగవాళ్ళు సైతం అనేవాళ్ళు. అది ఎవరి మాటో, ఎందులోంచి వచ్చిందో ఒక్కరికీ పట్టలేదు. ఉమ్మడి విడిపోయింది, పెదనాన్న పోయాడు, ఏడేళ్ళ కిందట దొడ్డమ్మా పోయింది. సామాను పంచుకున్నప్పుడు ఆ డబ్బా ఎటు పోయిందో నాకు తెలీదు.

మొన్న బాబాయి ఫోను చేతిలోకి తీసుకోగానే నాకు తెలుసు, అది నిమిషంలో పని. పాత ఖాతాతో లోపలికెళ్తే అన్నీ ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. అయినా వెంటనే చెయ్యలేదు. కాఫీ కలిపి ఇచ్చాను, ఆయన తాగేదాకా ఎదురుగా కూర్చున్నాను. ఆ కాసేపూ ఆయన కాలు కదుపుతూనే ఉన్నాడు. అప్పుడు అడిగాను. "బాబాయ్, దొడ్డమ్మ ఆటలో సెల్లులు తీసి వడియాల దగ్గర పెట్టారు, గుర్తుందా?" ఆయన గుర్తు తెచ్చుకుని నవ్వాడు. "అప్పట్లో ఏదైనా ఎండలోనే పెట్టేవాళ్ళం కదమ్మా."

"దొడ్డమ్మ స్కోరు పోయింది."

"అదేదో తీర్థంలో కొన్న బొమ్మమ్మా. ఇది అలాంటిది కాదు. రెండేళ్ళు కష్టపడ్డాను."

ఖాతా తెరిచాను. పదకొండు వందల లెవెల్సూ వచ్చేశాయి. "నా తల్లే" అని ఫోను లాక్కుని, కళ్ళద్దాలు సర్దుకుని అక్కడే మొదలెట్టాడు. టిఫిను పెట్టినా తల ఎత్తలేదు. ఆయన స్కోరు ఆ అద్దం మీద ఎనిమిది అంకెల్లో మెరుస్తోంది. ఆ ఆటలో చోటుకేం కొదవ లేదు.

దొడ్డమ్మ కొట్టింది తొంభై రెండు వేల నాలుగు వందలు. చూసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అప్పుడు లోపలికెళ్ళమంటే వెళ్ళిపోయినదాన్ని, పాతికేళ్ళు దాటాక ఇప్పుడు మళ్ళీ చెబుతున్నాను. ఈ కాగితానికి సెల్లులు అక్కర్లేదు, ఎన్నేళ్ళు ఎండలో ఉన్నా ఆ అంకె ఇలాగే ఉంటుంది.