చక్రాల కుర్చీ బొమ్మ, మా రూతక్క

నిన్న పొద్దున గాజువాకలో షిఫ్టుకి బయల్దేరుతుంటే చోడవరం నుంచి పెద్దమ్మ ఫోన్.

"ఒరే బాబూ, రూతు పోయిందిరా."

ఏ రూతు అని అడిగాను. ఆవిడ కూతురే, మా రూతక్కే అని బుర్రకెక్కలేదు. మొన్న ఆదివారమే కదా వీడియో కాల్‌లో నా గడ్డం చూసి వెక్కిరించింది!

షిఫ్టు మానేసి బండి చోడవరం వైపు తిప్పాను.

చాలామందికి తెలీదు, అక్కకి పుట్టుకతోనే సికిల్ సెల్. రక్తానికి సంబంధించిన జబ్బు. నొప్పి మొదలైతే ఎముకలు నలిగిపోతున్నట్టు ఉండేదట.

పైకి మాత్రం ఏమీ కనపడదు. నడిచేది, నవ్వేది, నీట్‌గా చీర కట్టుకునేది. అదే ఆమె చేసిన నేరం.

మాడుగులలో టీచర్ ఉద్యోగం. రోజూ బస్సు. దివ్యాంగుల సీటు పైన వీల్‌చైర్ బొమ్మ ఉంటుంది కదా. అక్క అక్కడ కూర్చుంటే చాలు, ఎవరో ఒకరు మొదలెట్టేవారు.

"ఏటమ్మా, కాళ్ళు సుబ్బరంగానే ఉన్నాయి కదా! ఆ బొమ్మ సూడు. లెగు."

సర్టిఫికెట్ చూపించినా ఎవరూ చదివేవారు కాదు.

చివరికి అక్క ఏం చేసిందో తెలుసా? బజార్లో ఒక చేతికర్ర కొంది. దానితో ఆమెకి పనే లేదు. బస్సెక్కేముందు పట్టుకునేది, అంతే.

అందరూ లేచి సీటిచ్చేవారు! ఇంటికొచ్చి ఆ కుంటి నడక మాకు చేసి చూపిస్తే పడీ పడీ నవ్వేవాళ్ళం.

ఒకరోజు నొప్పి లేక, కర్ర చంకలో పెట్టుకుని గబగబా బస్సు దిగింది. బస్ కాంప్లెక్స్‌లో అందరి ముందూ "దొంగ యేషాలు" అన్నారు.

ఆ రోజు నుంచి ఆ సీటు జోలికి పోలేదు. నిలబడే వెళ్ళేది.

చర్చిలోనూ అంతే. అందరూ నిలబడే పాటలప్పుడు కూర్చుంటానంటే, "మీలాంటోళ్ళ కోసం మెట్ల పక్కన రేంపు కట్టి, బొమ్మ కూడా ఏయించేం కదమ్మా" అన్నాడు సంఘపెద్ద. ఆయన చెడ్డవాడేం కాదు. దాంతో తమ పని పూర్తయిందని నిజంగానే నమ్మేశాడు.

మొన్న సాయంత్రం కూడా బస్సులో నిలబడే వచ్చింది. ఇంటికి చేరేసరికి నొప్పి ఛాతీలోకి పాకింది. ఆసుపత్రికి తీసుకెళ్ళినా దక్కలేదు.

నిలబడటం వల్లే పోయిందని నేననను. కానీ ఆ చివరి ప్రయాణంలోనైనా కూర్చుని ఉండాల్సింది.

నిన్న సమాధికి తీసుకెళ్ళేముందు, పెట్టె పక్కన నిలబడి ఒకావిడ అంది.

"బాగానే నడిసేది కదా. ఏటైపోయింది?"

ఇన్నేళ్ళూ చెప్పీ చెప్పీ అక్కే అలిసిపోయింది. ఇంక మేం ఎవరికి చెబుతాం?

ఇక సెలవు రూతక్కా. ఎవరికీ ఏదీ నిరూపించుకోనక్కర్లేని చోట ప్రభువు నీకు నెమ్మదినివ్వాలి.