జాన్ సాహెబు బొటనవేలు

నరసరావుపేటలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే జాన్ సాహెబుకి తన బొటనవేలంటే మహా గర్వం. వాల్వు దగ్గర వదలాల్సిన సందుని అందరూ రేకు పెట్టి కొలుస్తారు. ఈయన వేలితో తడిమి సరిచేసేవాడు. రేకు పట్టుకున్నవాడు ఆయన దృష్టిలో మెకానిక్కే కాడు.

ఎనభై రెండులో టైఫాయిడ్ ముదిరి పేగుకి చిల్లి పడింది. డాక్టరు సుందరరావు చిన్నపేగు చివర రెండు మూరలు కోసేసి ప్రాణం నిలబెట్టాడు. ఇంటికి పంపుతూ, ఇకమీద చేయించుకోవాల్సిన వైద్యం మందపాటి అట్ట మీద రాసిచ్చాడు. సూదంటే హడలిపోయే సాహెబు, కుట్లు మానాక ఇక అట్టతో పనేముందనుకున్నాడు. ఈపూరు రైతు ఇన్నయ్య ఇంజన్ మీద మూతకి నూనె కారకుండా ప్యాకింగ్ కావాల్సొస్తే, దాన్నే కత్తిరించి బిగించాడు.

బలానికి మాత్రం లోటు చేసుకోలేదు. పూటకో బి కాంప్లెక్స్ మాత్ర, ఆదివారం మేక కార్జం. ముక్కలన్నీ సంపాదించే మగాడికి, పులుసు భార్య కుల్సుంకి. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆమె నిక్షేపంగా ఉంది. ఈయన నాలుక ఎర్రబారి, అరికాళ్ళు మొద్దుబారాయి. తర్వాత చేతివేళ్ళు. బాగుచేసిన ఇంజన్లు వాల్వు సందు కుదరక టకటకమంటూ తిరిగొచ్చాయి. డీజిలు కల్తీ అని దబాయించాడు. చివరికి ఇన్నయ్య ఇంజన్ కూడా వచ్చింది. ఆరోజు చేతిలో నట్టు ఉందో జారిందో తెలియక కళ్ళతో వెతుక్కున్నాడు. అప్పుడు భయపడ్డాడు.

కుల్సుం లాక్కెళ్ళి సుందరరావు ముందు కూచోబెట్టింది.

"కార్జంలో బి పన్నెండు విటమిన్ ఉన్నమాట నిజమే సాహెబూ," అన్నాడు డాక్టరు. "పొట్టలో ఊరే ఒక పదార్థం దాన్ని పట్టుకుని చిన్నపేగు చివరిదాకా తీసుకెళ్తుంది. రక్తంలోకి ఎక్కేది అక్కడే. నీకు కోసేసింది ఆ చివరే. తిన్నదంతా దొడ్డికే పోయింది."

"మరి నాలుగేళ్ళు బానే ఉన్నా గదయ్యా?"

"నీ సొంత కార్జంలో పాత నిల్వ ఉంది. అదీ అయిపోయింది. ఇంతకీ నేను రాసిచ్చిన అట్ట ఏది?"

"ఇన్నయ్య ఇంజన్లో ఉంది," అంది కుల్సుం. "ఆ ముక్కలు నాకు పెట్టుంటే వంటబట్టేవి."

సాహెబు సూది వేయించుకుని, తన కొట్టుకి వచ్చి ఇన్నయ్య ఇంజన్ మూత విప్పాడు. నూనెలో నానినా ప్యాకింగ్ చెక్కుచెదరలేదు. దానిమీద డాక్టరు అక్షరాలు: 'నెలకో ఇంజక్షన్, బతికినంతకాలం.' వేలితో తడిమాడు. అట్ట తగిలిందో లేదో తెలియలేదు. పోయిన స్పర్శ ఎంత తిరిగొస్తుందో చెప్పలేనన్నాడు డాక్టరు. సాహెబుకి ఏడుపొచ్చింది.

పక్క కొట్టు మెకానిక్కు కరీముల్లా దగ్గరికెళ్ళి, తలొంచుకుని రేకు అడిగాడు.