తామసి కూర

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నర. ఏన్కూరు దగ్గర మిరపచేలో కాయలు ఏరుతున్నవాళ్లం, గట్టు మీద కూర్చుని సద్దులు విప్పాం. మా కూలి ముఠాలో ఎవరి కూర వాళ్లే తినడం ఉండదు. గిన్నెలు చేతులు మారాలి, తలా ఇంత వేసుకోవాలి. ఎవరి గిన్నె ముట్టకపోతే వాళ్లు ముఠాలో లేనట్టే.

ఆ సీజన్లో ములకలపల్లి వైపు నుంచి ఒకామె కొత్తగా చేరింది. మొగుడు మంచాన పడ్డాడు, ఆమె కూలితోనే ఇల్లు గడవాలి. ఆమె రెప్ప వేయకుండా చూసేది. మావాళ్లకు అది చాలింది. టీవీ సీరియల్లో తామసి అనే అత్త కోడలి అన్నంలో విషం కలిపేది. ఆ పేరు తెచ్చి ఈమెకు తగిలించారు. మొదట తామసి చూపు అన్నారు, తర్వాత తామసి నవ్వు, చివరికి తామసి కూర.

ఇంగ్లీషులో కూడా కథల్లోని దుర్మార్గుల పేర్లకు ఓ ముక్క అతికించి మనుషుల గుణాలకు వాడతారని మొన్న మా మనవరాలు ముచ్చటగా చెప్పింది. నిఘంటువుల్లోకి కూడా ఎక్కిస్తారట. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, నిఘంటువుల సంగతి నాకు తెలియదు. అలాంటి మాట ఏం చేస్తుందో మాత్రం చూశాను.

ఆ మధ్యాహ్నం, మమ్మల్ని ఆటోలో పనికి తెచ్చే మేస్త్రి కోడలు వాంతి చేసుకుంది. ముందురోజు సాయంత్రమే చేనుకు పురుగుమందు కొట్టారు, వాసన ఇంకా ముక్కులో గుచ్చుతోంది.

"తామసి కూర తిన్నవా ఏందే?" అని అరిచింది మేస్త్రి భార్య.

"తిన్లేదత్తా."

"తినకుంటే ఏంది, అది చూసింది గద!"

అందరూ నవ్వారు.

"నేను రెండు ముద్దలు తిన్నా. నాకేమైంది?" అన్నాను.

"నీకు రాళ్లేసినా అరుగుతయ్ లే అవ్వా," అంది మేస్త్రి భార్య.

మేస్త్రి నవ్వలేదు. మందు సంగతి తెలిసే మమ్మల్ని చేలో దింపాడు. రైతును అడిగితే పని పోతుంది.

"రేపటి సంది ఆటో ఎక్కకు," అన్నాడు ఆ కొత్తామెతో.

"నేనేం జేసిన అన్నా?"

"చేసినవని నేనన్ననా? ఆడోళ్లు భయపడుతున్రు."

"సీజన్ నడుమ నన్నెవరు పెట్టుకుంటరు? ఇంట్ల పడి ఉన్నోనికి ఏం పెట్టాలె?"

"నీ కూరే పెట్టు," అంది మేస్త్రి భార్య. "జల్దీ తేలిపోతది."

అందరికంటే ఎక్కువసేపు నవ్వింది వాంతి చేసుకున్న కోడలే.

ఆ కొత్తామె తన కూర పారబోసి, గిన్నె సంచిలో పెట్టుకుని రోడ్డెక్కింది. ఆ సీజన్లో చుట్టుపక్కల ఏ ముఠా ఆమెను పెట్టుకోలేదు. ఆమె కంటే ముందే ఆ పేరు అక్కడికి చేరింది.

ఆమె గిన్నె నేను ముట్టాను గనక ఆమెనూ కలిపే రాస్తున్నాను. ఆ రోజు గట్టు మీద ఉన్నవాళ్లం: మేస్త్రి, అతని భార్య, వాళ్ల కోడలు, మా వాడకట్టు అక్కాచెల్లెళ్లిద్దరు, ఆమె, నేను.