మధ్యలో అందుకోకండి

ఆ పళ్ళ ఆసుపత్రిలో అందరూ ఆమెను నత్తమ్మ అనేవారు. మాటలో నత్తి ఉందని ఎవరో సరదాకి అన్నారు, అదే స్థిరపడిపోయింది. ఆమె పని వెనక గదిలో. డాక్టర్లు వాడి వదిలిన చిన్న అద్దాలూ కొక్కేలూ పటకార్లూ కడిగి, తుడిచి, కవర్లలో పెట్టి ఆవిరి యంత్రంలోకి ఎక్కించాలి. ఆ గదిలో ఎవరితోనూ మాట్లాడే అవసరం ఉండదు. "నీకోసమే పుట్టిన ఉద్యోగమమ్మా ఇది," అనేవాడు మేనేజరు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

ముందు హాల్లో ఫోనెత్తే అమ్మాయి మానేసింది. ఆ కుర్చీ లోపల పనిచేసేవాళ్ళకే ఇస్తామనీ, కాకపోతే మధ్యస్థాయి ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష పాసయి ఉండాలనీ మేనేజరు గోడకి కాగితం అంటించాడు. నత్తమ్మ చేతులు తుడుచుకుని వెళ్ళి అతని బల్ల ముందు నిలబడింది.

"ఆ ప... ప... పరీక్షకి నేను వెళ్తాను సార్."

మేనేజరు ఆమె మేలు కోరేవాడిలా మొహం పెట్టాడు. "ఉన్న భాష నోట్లోంచి రావడమే గగనమైపోతోంది. ఇంకో భాష తెచ్చి నెత్తిన పెట్టుకోవడం ఎందుకు?"

"నెత్తి నాదే కదా సార్," అని ఆమె తిరిగి కొక్కేల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆమెకు పెదాలు కలిసే అక్షరాలతోనే పేచీ. ప, బ, మ వచ్చాయంటే మాట గడప దగ్గరే చతికిలబడేది. అందుకని చిన్నప్పటినుంచీ వాటి కంటపడకుండా తిరగడం నేర్చింది. ఇంటి దగ్గరి స్టాపు పేరు 'బ'తో మొదలవుతుందని, దానికి ముందు స్టాపుకే టికెట్టు తీసుకుని, అక్కడ దిగి, ఎండైనా వానైనా నడిచి వచ్చేది. పెళ్ళయ్యాక ఆ బాధ కొంత తప్పింది, ఎందుకంటే అత్తగారు మహా చురుకు. కోడలు 'ప' అంటే చాలు, పంచదారో పక్కింటావిడో పళ్ళెమో ఆవిడే ఎంచి అందించేది. ప్రేమతోనే. అలా కోడలి మాటల్లో సగానికి సగం అత్తగారి నోట్లోంచే బయటికి వచ్చేవి.

పరీక్ష కోసం చేరిన సాయంత్రపు ఇంగ్లీషు క్లాసులో మాస్టారు ఆమెకు ఒక ఉపాయం చెప్పాడు. "నోరు తిరగని మాట అసలు ముట్టుకోకు. బ్యూటిఫుల్ వద్దు, నైస్ అను. పార్క్ వద్దు, గార్డెన్ అను. దొంగదారి ఉండగా గుంతల రోడ్డెందుకు?"

దొంగదారులు ఆమెకు కొత్తేమీ కాదు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఒకరోజు మాస్టారు ఫొటో ఒకటి చూపించి ఏం కనిపిస్తోందో చెప్పమన్నాడు. తల్లి ఒళ్ళో పసిపాప. 'బేబీ'ని తప్పించుకోబోయి నత్తమ్మ తడుముకుని, "దేర్ ఈజ్ ఎ వెరీ స్మాల్ జెంటిల్‌మన్," అంది. క్లాసంతా గొల్లుమంది. ఆమెకూ నవ్వొచ్చింది. కానీ బయటికొచ్చి బస్సెక్కేసరికి ఆ నవ్వు కాస్తా కోపమైంది. కొత్త భాషలోకి వచ్చి కూడా పాత దొంగతనమేనా అనుకుంది.

కండక్టరు వచ్చి ఎక్కడికని అడిగాడు. ఆమె తన స్టాపు పేరే అందుకుంది. 'బ' దగ్గర మాట బిగుసుకుపోయింది. ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. కండక్టరు గొంతు సవరించుకున్నాడు. ఆమె కళ్ళు దించలేదు. చివరికి పేరు మొత్తం వచ్చింది, టికెట్టూ వచ్చింది, ఆమె తన వీధి మొదట్లోనే దిగింది.

ఇంట్లోకి రాగానే అత్తగారితో చెప్పింది. "ఇకమీదట నేను ఆగిపోతే మ... మధ్యలో అందుకోకండి అత్తయ్యా."

అత్తగారు నొచ్చుకుంది. "సాయం చేస్తే తప్పా? నువ్వు అలా గింజుకుంటుంటే చూడలేకే కదా."

"తప్పు కాదు. కానీ అలా వచ్చింది మీ మా... మాట. నాది లోపలే ఉండిపోతోంది."

ఆవిడ ఆ పూటంతా ముభావంగా తిరిగింది. మర్నాడు తనే పాత పత్రికలు ముందేసుకుని కూర్చుని, "ఇదిగో బొమ్మ, చెప్పు," అంది. ఆవిడకు ఇంగ్లీషు ముక్క రాదు. అయినా కోడలు మాట దగ్గర ఆగిపోతే, ఆ మాటేమిటో తెలియకుండానే అందించడానికి నోరు తెరిచేది, గుర్తొచ్చి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

"నీ మాట పూర్తయ్యేలోపు నా ప్రాణం పోయేలా ఉందే."

"పో... పోదు లెండి. ఇంకో బొమ్మ చూపించండి."

గోళ్ళలో ఇరుక్కున్న రంగు గీక్కుంటూ, గోడలకు రంగులేసే నత్తమ్మ భర్త మూల కూర్చుని వినేవాడు. నవ్వితే అవతలి గదిలోకి పొమ్మని తల్లి ఆజ్ఞ.

పరీక్ష ఒక ఇరుకు గదిలో జరిగింది. ఒకావిడ ప్రశ్నలడుగుతుంది, ఇంకొకాయన మాట్లాడకుండా మార్కులు వేస్తాడు. అభ్యర్థులను ఇద్దరిద్దరిగా పిలిచారు. నత్తమ్మ పక్కన కూర్చున్నది టై కట్టుకున్న ఒక కుర్రాడు. అతని నోట్లో ఇంగ్లీషు పంపు తిప్పినట్టు ధారగా వస్తోంది. ఉద్యోగం విరమించే ఒక పెద్దాయనకు ఏం బహుమతి ఇవ్వాలో ఇద్దరూ మాట్లాడుకుని తేల్చాలి. ఎదురుగా గొడుగు, పుస్తకం, గడియారం, సైకిలు బొమ్మలున్నాయి.

"ఐ థింక్ బ... బ..."

"బుక్," అన్నాడు టై కుర్రాడు, ఎంతో మర్యాదగా. "యెస్, బుక్ ఈజ్ ఎ గుడ్ ఐడియా."

అదివరకటి మనిషైతే తల ఊపి పుస్తకంతోనే సరిపెట్టుకునేది. నత్తమ్మ అతని వైపు తిరిగింది.

"నో. నాట్ దట్. ప్లీజ్ వెయిట్. ఐ యామ్ స్పీకింగ్."

మార్కులు వేసే ఆయన కలం ఆగింది. కుర్రాడు టై సర్దుకున్నాడు. ఆమె తొందరపడలేదు. "బ... బ... బైసికిల్," అంది. ఎందుకో కూడా చెప్పింది. ఆ పెద్దాయన ఇన్నేళ్ళూ కుర్చీలోనే గడిపాడు, పుస్తకం ఇస్తే మళ్ళీ కుర్చీలోనే కూర్చుంటాడు. ఆయన ముసలాయన, పడతాడేమో అన్నాడు కుర్రాడు. పడితే లేస్తాడు, మనం ఎందుకు ముందే పడేయాలి అంది ఆమె. వ్యాకరణం రెండుచోట్ల తప్పింది. కానీ కుర్రాడికి నిజంగానే వాదించాలనిపించింది, ఇద్దరూ వాదించుకున్నారు, చివరికి సైకిలే ఖాయమైంది.

ఆమె పాసయింది. ఉచ్చారణలో అంతంతమాత్రం, సంభాషణలో మంచి మార్కులు. కాగితం తీసుకెళ్ళి మేనేజరు బల్ల మీద పెట్టింది. అతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సంతోషమే. కానీ ఫోనంటే ఆషామాషీ కాదు. బయటి అమ్మాయిని ఎవరినైనా..."

"పాసవ్వాలని గోడ మీద మీ... మీరే అంటించారు. నత్తి ఉండకూడదని అందులో లేదు సార్."

"అది ప్రత్యేకంగా రాయాలా?"

"రాసి ఉంటే అప్పుడే పో... పోట్లాడేదాన్ని."

అతను కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుంటుండగానే ముందు హాల్లో ఫోను మోగింది. ఎత్తడానికి ఎవరూ లేరు. నత్తమ్మ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని ఎత్తింది. మేనేజరు తలుపు దగ్గర నిలబడి విన్నాడు. కాసేపు చూసి, పెద్ద డాక్టరమ్మతో చెప్పడానికి లోపలికి వెళ్ళాడు. ఆవిడ రోగి నోటి మీంచి తల ఎత్తకుండానే, "రేపు వచ్చేవాళ్ళ టైములు రాసిందా? రాస్తే కూర్చోనివ్వండి," అంది.

మొదటి రోజుల్లో కొందరు ఆమె ఆసుపత్రి పేరు చెప్పడం పూర్తయ్యేలోపే విసుక్కుని ఫోను పెట్టేసేవారు. అలాంటివాళ్ళకు నత్తమ్మ వెంటనే తిరిగి ఫోను చేసేది.

"ఇందాక మీరు పె... పెట్టేశారు. నేను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను. చెప్పండి, ఏ పన్ను నొప్పి?"