ఉక్కు పెట్టెకు దిష్టి

నరసరావుపేటలో మా అత్తగారింటి హాల్లో ఒక అద్దాల బీరువా ఉంది. దాని నడి అరలో నేను చేసిన బుల్లి గూడ్సు రైలు పెట్టెలు ఉంటాయి. ఇంటికి ఎవరొచ్చినా అత్తగారు వాటిని చూపించి, మా పెద్దల్లుడు చేశాడని చెప్పేది. ఆ ఒక్క మాట వినడానికే నేను మాచర్ల నుంచి బస్సెక్కి వచ్చేవాడిని.

మొన్న ఆదివారం మా తోడల్లుడు, అంటే ఆ ఇంటి చిన్నల్లుడు, ఒక అట్టపెట్టె తెచ్చి, దూదిలోంచి తను చేసిన వ్యాగన్ బయటికి తీశాడు. ఎప్పుడో అమెరికాలో సరుకులు మోసిన పాతకాలపు ఉక్కు పెట్టెకు నమూనా అది. అసలుదానిలో ఎనభై ఏడో వంతు. అసలు ఈ పిచ్చి అతనికి అంటించిందే నేను. రేకు కత్తిరించడం, వెనకనుంచి సూదితో నొక్కి రివెట్లు లేపడం నేర్పిందీ నేనే. నా రివెట్లు ఆవగింజలంత ఉంటాయి. అతనివి కంటికి ఆనలేదు, గోటితో రాస్తే తెలిశాయి. తలుపు వేలితో తోస్తే పక్కకు జరిగింది. మూలల్లో తుప్పు కూడా నిజం తుప్పులాగే ఉంది. నా కడుపు మండిపోయింది. తప్పు కోసం తిప్పి తిప్పి చూశాను. ఒక్కటి దొరికితే ఒట్టు.

రంగు కాస్త ముదిరిందన్నాను. అవునన్నయ్యా అని బుద్ధిగా ఒప్పుకున్నాడు. దాంతో ఒళ్లు ఇంకా మండింది.

ఈలోపు అత్తగారు గుప్పెడు ఎండుమిరపకాయలు తెచ్చింది. వాటిలో కొన్నిటికి ఉప్పు కలిపి, ఆ వ్యాగన్ చుట్టూ తిప్పి, చూసిన కళ్ల దిష్టంతా పోవాలని గొణిగి, పెరట్లో కట్టెల పొయ్యిలో వేసింది. ఘాటొస్తే దిష్టి లేనట్టు, రాకపోతే గట్టిగా తగిలినట్టు. మా పల్నాటి కాయ నిప్పులో పడితే వీధి వీధంతా దగ్గాలి. ఒక్కరూ దగ్గలేదు. నాకు చెమటలు పట్టాయి. గొంతు సవరించుకుని నేనే రెండుసార్లు దగ్గాను. నీకొక్కడికే తగిలిందా ఘాటు అని మామగారు నావంక వింతగా చూశాడు.

“చానా దిష్టి తగిలింది దీనికి” అంది అత్తగారు.

నా ముఖం చూసి జాలేసిందో ఏమో, మా ఆవిడ అందుకుంది. “అమ్మా, ఈయన పెట్టెలకు కూడా తియ్యి. కాయలు మిగిలినయ్యిగా.”

అత్తగారు బీరువా వైపు ఒకసారి చూసింది.

“వాటికెందుకే?” అంది మామూలుగా, మిగిలిన కాయలు డబ్బాలో పోసి మూత పెడుతూ.