ఇప్పచెట్టు కింద చీపురు

ఫాల్గుణం వస్తే తెల్లవారుజామున గాలిలో ఇప్పపూల తియ్యని వాసన, దాని వెనకే ఆకులు కాలిన పొగ వస్తాయి. ఆ రెండూ కలిసి ముక్కుకు తగిలితే మా రాజమ్మక్క గుర్తొస్తుంది, కడుపులో సన్నగా మంట మొదలవుతుంది. ఆమె మా బావగారి భార్య, నాకు యారాలు.

ఎనభైల్లో నేను జూలూరుపాడు అవతల అడవి అంచు పల్లెకు చిన్నకోడలిగా వచ్చాను. గుట్ట కింద ఆమెకో ఇప్పచెట్టు, నాకో ఇప్పచెట్టు. రాలిన పూలు కనబడాలని ఊరంతా చెట్ల కింద ఎండుటాకులకు నిప్పు పెట్టేది. ఆ నిప్పు గుట్టెక్కినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. రాజమ్మక్క మాత్రం నడుం వంచి ఊడ్చేది. నా గంప నిండేసరికి ఆమె ఇంకా చీపురుతోనే ఉండేది. అయినా మా అత్త మెప్పు ఆమెకే. ఆ మెప్పు ఒక్కసారైనా నాకు దక్కాలని ఎంత తపించేదాన్నో.

ఒకనాడు ఉండబట్టలేక అడిగాను.

“గుట్టంతా కాలవట్టె అక్కా. నువ్వొక్కదానివి ఊడిస్తే ఏమైతది?”

“గుట్ట సంగతి నాకేమెరుక? గీ పిల్లమొక్కలైతే కాలవు గదా,” అంది తలెత్తకుండానే.

అప్పుడు చూశాను. ఆమె చెట్టు చుట్టూ మోకాలెత్తు ఇప్పమొక్కలు. నా చెట్టు కింద బూడిద. అత్త వచ్చి ఆ మొక్కలను పసిపిల్లల్ని నిమిరినట్టు నిమిరింది. నాకు ఒళ్లు మండిపోయింది. మరుసటేడు నేనూ చీపురు పట్టాను. అడవి మీద ప్రేమతో కాదు, ఆమెకన్నా ఎక్కువ మొక్కలు బతికించాలన్న కుళ్లుతో. మా పోటీ చూసి పక్కచెట్ల వాళ్లు కూడా అగ్గిపెట్టె ఇంట్లోనే వదిలి రావడం మొదలుపెట్టారు. కొన్నేళ్లకు నా చెట్టు కిందా పచ్చగా లేచింది. రాజమ్మక్క అత్తను వెంటబెట్టుకుని వచ్చి చూపించింది.

“నావాటికన్న చిన్నదానివే ఏపుగున్నయి అత్తా.”

నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. అత్త తృప్తిగా తలూపింది.

“అవ్, నిన్ను జూసే నేర్చింది గదా,” అంది.

ఇప్పుడు అత్త లేదు, రాజమ్మక్కా లేదు. గుట్ట ఏటా ఎక్కడో ఒకచోట కాలుతూనే ఉంది, ఎండలు మునుపటికన్నా ముదిరాయి. ఆమె చెట్టు కింద కూడా నేనే ఊడుస్తున్నాను. ఆమె మొక్కలు చెట్లై విరగబూస్తున్నాయి, నావి ఇంకా అంతగా పూయడం లేదు. మొన్న మనవరాలు చీపురు అందిస్తూ అడిగింది.

“గింత ఎండలు ముదిరినయి నానమ్మా. నువ్వొక్కదానివి ఊడిస్తే ఏమైతది?”

“గీ పిల్లమొక్కలైతే కాలవు గదా,” అన్నాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆ మాటా ఆమెదే.