రెండూ ఏడుకి ఆగిపోయిన షిఫ్టు

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు చిర్రెత్తుకొస్తుంది, చెప్పడం ఆపేస్తాను. సింహాద్రి అప్పన్న మీద ఒట్టు... ఇది నా కళ్ళతో చూసింది. నేనొక్కణ్ణే కాదు, పక్కన ఇంకో మనిషి కూడా ఉన్నాడు. ఇద్దరం తాగి లేం. నిద్రమత్తులోనూ లేం.

రెండు వేల ఎనిమిదో, తొమ్మిదో. మల్కాపురం అవతల ఒక ప్రైవేటు బొగ్గు యార్డు. అక్కడికి కూలీలను పంపే కాంట్రాక్టరు దగ్గర నేను కంప్యూటర్ మనిషిని. పేరుకి సిస్టమ్ అడ్మిన్. చేసేది మాత్రం ప్రింటర్లో ఇరుక్కున్న కాయితం లాగడం దగ్గర్నుంచి ఫ్యాన్ రిపేరు దాకా అన్నీ.

గేటు దగ్గర హాజరు పెట్టె ఉండేది. కూలీ మెళ్ళో కార్డు దానికి చూపిస్తే ‘కీక్’ మంటుంది. లోపలికొచ్చినట్టు ‘ఇన్’ పడుతుంది. వెళ్ళేటప్పుడు మళ్ళీ చూపిస్తే ‘అవుట్’. ఆ ప్రోగ్రాము ఎప్పటిదో. రాసినవాడు ఎక్కడున్నాడో తెలీదు. కొత్త కంప్యూటర్ల మీద నడవదు. పాత కంప్యూటరేమో బొగ్గు ధూళికీ ఉప్పుగాలికీ చచ్చి ఊరుకుంది. అందుకని కొత్తదాంట్లో వర్చువల్ మెషీన్ పెట్టాను. అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్. దాని డిస్కంతా మనకి ఒక పెద్ద ఫైలు, అంతే. ఈ గొడవకి నెల ముందు స్నాప్‌షాట్ తీశాను, అంటే అప్పటిదాకా ఉన్నదాన్ని అక్కడికి ఆపి దాచడం. అప్పట్నుంచి కొత్తగా పడేదంతా రెండో ఫైల్లోకి వెళుతోంది. మొదటిది పాత నోటుపుస్తకం, రెండోది దానికి తర్వాత కుట్టిన కాయితాలు అనుకోండి. పుస్తకంలో ఒక్క అక్షరం మారినా, కాయితాలు ‘ఇది నా పుస్తకం కాదు’ అని మొరాయిస్తాయి. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, చాలు.

ఒకరోజు నైట్ షిఫ్టులో, అర్ధరాత్రి దాటాక రెండూ ఏడు నిమిషాలకి కరెంటు పోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ సింహాచలం. కంచరపాలెం మనిషి, నా ఈడువాడే. కరెంటు పోతే బ్యాటరీ అయిపోయేలోపు రెండు గీతల బటన్ నొక్కు బావా, మెషీన్ ఉన్నదున్నట్టు ఆగి దాక్కుంటుంది అని నేనే నేర్పాను. నొక్కాడు. లోపల బొగ్గు మోసే బెల్టు ఆగిపోయింది. ఆగింది కదా అని పైడిరాజు అనే కూలీ దాని కిందకి దూరి, రోలర్లకి పట్టిన బొగ్గు గీకుతున్నాడు. రెండూ పాతికకి కరెంటు వచ్చింది. సైరన్ మోగలేదు. బెల్టు కదిలింది.

అంతే. ఇంకా చెప్పను.

పొద్దున్న ఆరింటికి నేను వెళ్ళేసరికి గేటు దగ్గర గోల. పోలీసులు. బయట డే షిఫ్టు కూలీల లైను. ఆపిన మెషీన్ తెరవబోతే నత్తలా కదులుతోంది. సూపర్‌వైజర్ నెత్తి మీద అరుస్తున్నాడు. నాకు చేతులాడలేదు. మొదటి ఫైలు మీద ఇంకో కొత్త మెషీన్ పెట్టి తెరిచేశాను. లైను కదిలింది. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నప్పుడు తెలిసొచ్చింది... పుస్తకంలో అక్షరాలు మార్చేశాను. పైడిరాజు చివరి షిఫ్టు రెండో ఫైల్లో ఉంది. ఇక అది తెరుచుకోదు. ఆ ముద్ద అలాగే చేతిలో ఉండిపోయింది.

ఎవరికీ చెప్పలేదు. పిరికివాణ్ణి, ఒప్పుకుంటున్నాను.

మూడో రోజుకి కాంట్రాక్టరు మాట మార్చాడు. వాడు డ్యూటీలో లేడు, గోడ దూకి బొగ్గు దొంగతనానికి వచ్చాడు, కావాలంటే హాజరు చూసుకోండి అని. హాజరెక్కడుంది? మిగతా పన్నెండుమంది కూలీలనీ మర్నాడే వేరే ఊరి పనికి పంపించేశారు. సింహాచలానికి నోరు మూసుకోమని చెప్పారు. ఇద్దరు పిల్లలున్నవాడు, మూసుకున్నాడు.

పైడిరాజు భార్య నూకరత్నం నా దగ్గరికి వచ్చింది. ఏడవలేదు. గోడకి ఆనుకుని నిలబడింది.

“మా ఆయన దొంగ కాడు బాబూ. కార్డు మెళ్ళో ఏసుకునే ఎల్లాడు. మీ పెట్టెలో ఉంటాదంట కదా. ఒకపాలి సూడు బాబూ. డబ్బులిత్తారో మానేత్తారో... మా పిల్లోడ్ని బళ్ళో దొంగోడి కొడుకంతన్నారు.”

చూస్తానమ్మా అన్నాను. నాకు ఏమీ అనిపించలేదు. నిజం చెబుతున్నా... పంటి డాక్టరు సూది వేశాక దవడ ఉంటుంది చూడండి, ఒళ్ళంతా అలా ఉంది.

పదకొండో రోజు. మర్నాడు పదింటికి లేబర్ ఆఫీసర్ ముందు విచారణ. కాంట్రాక్టరు పిలిచి నెమ్మదిగానే అన్నాడు: “చూడవయ్యా, ఆ హాజరు రాకపోతే రాలేదని రాసిచ్చెయ్. కంప్యూటర్లన్నాక పోవా ఏంటి?”

రాసిస్తే అయిపోయేది. ఆ సాయంత్రం ఎందుకో గేటు గదిలో కూర్చున్నాను.

రెండు ఫైళ్ళూ వేరే డిస్కులోకి కాపీ చేసుకున్నాను. తెరిస్తే అదే ఎర్ర గుర్తు. మూల డిస్కు మారిపోయింది, తెరవను. ప్రతి ఫైలుకీ ఎనిమిది అక్షరాల గుర్తింపు నంబరు ఉంటుంది. రెండో ఫైల్లో రాసుకున్న నంబరూ, మొదటి ఫైలు ఇప్పటి నంబరూ కలవాలి. చేత్తో మార్చాను. తెరుచుకోలేదు. ఒక చోట ఖాళీ ఎక్కువ పడింది, సరిచేశాను. మళ్ళీ లేదు. టీ చల్లారిపోయింది. రిఫైనరీ వాసన కిటికీలోంచి వస్తూనే ఉంది. పదకొండూ ఇరవైకి... తెరుచుకుంటున్నట్టు చూపించే గీత నిండింది. తెర నల్లబడింది. తర్వాత తెల్లబడింది.

లోపల గడియారం... రెండూ ఏడు. ఆ రాత్రి తేదీ.

అందులో భయపడాల్సిందేమీ లేదు. ఆపిన మెషీన్ ఆగిన టైము నుంచే లేస్తుంది. నాకు తెలుసు. తెలిసినా కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాను.

నైట్ షిఫ్టు పట్టీ ఉంది. పదమూడు పేర్లు. టోకెన్ నాలుగొందల పదిహేడు, పైడిరాజు, ఇన్ తొమ్మిదీ యాభై రెండు. అవుట్ గడి ఖాళీ. పదమూడింటికీ ఖాళీయే.

“బావా, ఇలా రా” అన్నాను.

సింహాచలం వచ్చి చూశాడు. తెర మీద ఆ పేరు చూసి టోపీ తీశాడు. “అప్పటికింకా బతికే ఉన్నాడు కదేటి” అన్నాడు.

ప్రింటు తీసుకుందామంటే కుదరదు. రిజిస్టరు నంబరుతో ప్రింటు, షిఫ్టు ముగిశాకే ఇస్తుంది ఆ ప్రోగ్రాము. ఆరు కావాలి. దాని ఆరు. గడియారం ముందుకి జరిపితే, దొంగ కాపీ అనుకుని మూతి ముడుచుకుంటుంది. ఫోటో తీసుకెళ్తే గీసుకొచ్చావంటారు. కూర్చోవాల్సిందే.

కూర్చున్నాం. ఇద్దరం ఆ చిన్న గడియారం చూస్తూ.

రెండూ ఇరవై. రెండూ ఇరవై రెండు. సింహాచలం లేచి నిలబడ్డాడు. నేనూ లేచాను. ఎందుకో తెలీదు. రెండూ ఇరవై నాలుగు... ఆ గడియారం లోపల ఒక మనిషి బెల్టు కింద ఉన్నాడు. కేకేస్తే వినపడేంత దూరంలో ఉన్నట్టుంది.

రెండూ పాతిక.

ఏమీ జరగలేదు. తెర మీద ఏమీ మారలేదు. ఎక్కడో ఓడ కూత వేసింది. సింహాచలం కూలబడ్డాడు.

“గేటు తీసింది నానే బావా. నవ్వుతానే ఎల్లాడు. బీడీ అడిగాడు. తర్వాతిత్తాన్లే ఎల్లెహె అన్నాను” అన్నాడు. “సెప్తే కొలువు తీసేత్తారు. ఏటి సేత్తాను సెప్పు?”

నేనేం చెప్పను? నా తప్పు నేనే చెప్పలేదు. అప్పుడు చెప్పాను. విన్నాడు. మళ్ళీ ఇద్దరం గడియారం వైపే తిరిగాం. మూడు. నాలుగు. ఐదు. బయట మనకి ఇంకా అర్ధరాత్రే, లోపల దానికి తెల్లవారుతోంది.

ఐదూ యాభై ఏడు. కాయితం పెట్టి ప్రింటర్ సిద్ధం చేస్తున్నాను. వీపు తెరవైపు ఉంది.

‘కీక్.’

...చిన్న శబ్దం. రోజూ వెయ్యిసార్లు వినే శబ్దం.

నేను తిరగలేదు. సింహాచలం మొహం చూశాను ముందు. నోరు తెరుచుకుని ఉంది. అప్పుడు తిరిగాను.

నాలుగొందల పదిహేడు. పైడిరాజు. అవుట్... ఐదూ యాభై ఎనిమిది.

వంగి టేబుల్ కింద చూశాను. ఆ ప్రమాదం తర్వాత నైట్ షిఫ్టు ఆపేశారు కదా, గేటు పెట్టె నుంచి వచ్చే తీగ సాయంత్రమే నేను పీకేశాను. దాని కొస నేల మీద ఉంది. చేత్తో పట్టుకున్నాను కూడా. దేనికీ తగిలి లేదు.

“రోజూ ఆ టైముకే ఎల్తాడు” అన్నాడు సింహాచలం. “ఆరింటి బస్సుకి.”

లోపల ఆరయింది. షిఫ్టు ముగిసింది. ప్రింటర్ కర్ర్... కర్ర్ మని మొదలుపెట్టింది. నేను భయపడి పారిపోయానంటే మీకు నచ్చేది. పారిపోలేదు. కాయితం చింపాను. కింద కార్బన్ కాపీ విడదీశాను. మెషీన్ ఆపేశాను. బెంచీ మీద పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది, చూడండి నా బతుకు.

పొద్దున్న లేబర్ ఆఫీసర్ ఆ కాయితం రెండుసార్లు చదివాడు.

“పదమూడుమంది లోపలికొచ్చారు. బయటికెళ్ళింది ఒక్కడే. ఆ ఒక్కడే చనిపోయాడంటున్నారు. ఏమిటయ్యా ఇది?”

కాంట్రాక్టరు నవ్వాడు. “చెప్పాను కదండీ, కంప్యూటర్ పాడైందని.”

ఆఫీసర్ కాయితం పక్కకి నెట్టాడు. నూకరత్నం నావైపు చూసింది. నేను లేచి, ఫైలు చెడగొట్టింది నేనేనండీ అన్నాను. దాంతో కాయితం ఇంకా పనికిరాకుండా పోయింది. ఇక అయిపోయిందనుకున్నాను. వెనక కుర్చీ కిర్రుమంది.

“కాయితం ఒగ్గేయండి బాబూ” అన్నాడు సింహాచలం. “గేటు తీసింది నాను. కార్డు పెట్టి లోపలికెల్లాడు. నా కళ్ళారా సూసాను. గోడా దూకలేదు, ఏటీ దూకలేదు.”

ఆఫీసర్ అది రాయించుకుని సంతకం పెట్టించుకున్నాడు. దొంగ అన్న మాట ఆ రోజుతో పోయింది. సింహాచలం కొలువు వారంలో పోయింది. నాది కూడా.

తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను. కలవని రెండు ఫైళ్ళు అతికించాను కదా. మొదటి ఫైల్లోని ఏదో పాత రోజు అవుట్ వచ్చి ఇక్కడ పడి ఉండొచ్చు. రోజూ అదే టైముకి వెళ్ళేవాడాయె. అలా జరుగుతుంది. నాకు తెలిసినవాళ్ళని అడిగితే అలాగే జరిగి ఉంటుందన్నారు. మరి సరిగ్గా ఆ నిమిషానికే ఎందుకు పడింది, తీగ లేకుండా ఆ కీక్ ఎలా వచ్చింది అంటే... ఒకడు కంప్యూటర్ స్పీకర్‌దే అయ్యుంటుంది అన్నాడు. ఆ కంప్యూటర్‌కి స్పీకర్ పెట్టారో లేదో నాకు గుర్తులేదు. ఎంత తన్నుకున్నా గుర్తురావడం లేదు.

ఆ రోజు విచారణ అయ్యాక బయట మెట్ల దగ్గర నూకరత్నం కార్బన్ కాపీ ఇమ్మని అడిగింది. చదవడం రాదు, అంకెలొచ్చు. మొగుడి టోకెన్ నంబరు మీద వేలు పెట్టింది.

“ఇదేటి బాబూ?”

“లోపలికెళ్ళిన టైము.”

“ఇదో?”

“బయటికొచ్చిన టైము.”

వేలు అక్కడే ఉంచి చాలాసేపు చూసింది. పైనా కిందా పన్నెండు ఖాళీ గళ్ళు. అప్పుడు తలెత్తింది. అన్ని రోజుల్లో మొదటిసారి ఆమె కళ్ళలో నీళ్ళు చూశాను.

“అయితే డ్యూటీ దిగీసాడా బాబూ? ఆ బెల్టు కిందే ఉండిపోలేదు కదా?”

ఫైళ్ళు కలవలేదమ్మా, నంబర్లు నేనే మార్చానమ్మా అని చెప్పాలి. నోటి దాకా వచ్చింది.

“దిగీసాడమ్మా” అన్నాను.

అబద్ధమాడానో, ఉన్న మాటే చెప్పానో... ఏమో. నాకు ఇవాళ్టికీ తెలీదు.